ఎడమకి ఒరిగిన కుండ

మా వాడలో నా మాట ఎవరూ నమ్మరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. లక్ష్మీపురం ఘాటీలో లారీ వెనకాల పిడుగు పడితే, ఆ వెలుగు ఆరేలోపల టైరు మార్చేశానని చెప్పినవాణ్ణి నేను. మలుపు ఇవతల హారన్ కొట్టి, ఆ చప్పుడు కొండ చుట్టి వచ్చేలోపల నేనే అవతలికి చేరేవాణ్ణనీ, నా హారన్‌కి నేనే దారిచ్చేవాణ్ణనీ పెళ్లిళ్లలోనూ దినవారాల్లోనూ కూడా చెప్పాను. అందుకని ఇప్పుడు రాస్తున్నది నమ్మమని ఎవరినీ బతిమాలను. నెల్లాళ్ల కిందట విన్నప్పుడు నేనే నమ్మలేకపోయాను. ఇంతకాలం అబద్ధాలన్నీ నేను చెప్పేవే అనుకున్నాను. నా వెనకాల ఇంకొకరు, నోరు విప్పకుండా, నాకోసం ఇంత పెద్ద అబద్ధాన్ని మోశారని తెలిసేసరికి, నా వయసు మనిషికి కూడా కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

కంట్లో శుక్లం తీసిన డాక్టరు ఇక లారీ ఎక్కొద్దన్నాడు. ఇంట్లో ఊరికే కూర్చున్న మగాణ్ణి చూస్తే మా ఆవిడకి పనులు పుట్టుకొస్తాయి. అటక మీద సామానంతా దింపమంది. పాత లాంతర్లు, చిల్లుపడిన టార్పాలిన్ ముక్క, నా తొలినాటి ఖాకీ చొక్కా దిగాక, అటకకి అడుగున వేసిన చెక్క ఒకటి ఊడి చేతికొచ్చింది. అది మేకుల పెట్టె పక్క చెక్క. ఎప్పుడో ఖాళీ పెట్టె తెచ్చి నేనే పగలగొట్టి వేశాను. తడిగుడ్డతో తుడిస్తే దాని మీద జేగురుతో గీసిన గుర్తు బయటపడింది. ఒక కుండ. నిటారుగా కాదు, ఎడమవైపుకి ఒరిగి ఉంది. గీసింది ఎవరో చూడగానే తెలిసింది, మా గవరమ్మత్త. ఆ గుర్తేమిటో మాత్రం తెలియలేదు.

ఆ వారంలోనే ధర్మ వచ్చాడు. ధర్మ నా లారీకి క్లీనరు. సెమిలిగుడ పక్క పల్లె మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మనవరాలి పెళ్లికి పిలవడానికి బస్సెక్కి ఇంత దూరం వచ్చాడు. మజ్జిగ తాగుతూ గోడకి ఆనించిన చెక్కని చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

“ఇది ఇంకా ఉందా బాబూ?”

“అత్త గీసిందే గదా. ఏ ఊరి గుర్తురా ఇది? నాకు గుర్తుకు రాటం లేదు.”

“ఊరు కాదు. ఇది నువ్వే.”

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. ధర్మ ఆవిడ వైపు తిరిగి, “బాబు ఇంక బండి తోలడు గదా, అమ్మా?” అని అడిగాడు. తోలడు, తోలనివ్వను అంది ఆవిడ. “అయితే సెప్పొచ్చు,” అని చెప్పడం మొదలుపెట్టాడు. అతను చెప్పింది మీకు తెలియాలంటే ముందు అత్త తెలియాలి, అత్త సర్దిన లారీ తెలియాలి.

గవరమ్మత్త మా నాన్నకి అక్క. మాది శ్రీకాకుళం వైపు కుమ్మరి కుటుంబం. అత్తా మామా పెళ్లయిన కొత్తలోనే రాయగడ వచ్చి, రైలుకట్ట అవతల ఇల్లు వేసుకున్నారు. నేను డ్రైవింగు నేర్చుకుని అక్కడ పనికి కుదిరేనాటికి మామ పోయి చాలా కాలమైంది. మా ఇళ్లలో కుండలు చేసే పని కూడా ఆయనతోపాటే పోయింది. సంతల్లోకి సత్తు గిన్నెలు వచ్చాయి. కిందపడితే సొట్ట పడతాయి గానీ పగలవు. పగలని గిన్నె ఉండగా కుండ ఎవరికి కావాలి? మామ తిప్పిన సారె పెరట్లో గోడకి జేరేసి ఉండేది, దాని నీడలో కోళ్లు పడుకునేవి. అయినా ఆ ఇంటికి తడిమట్టి వాసన వదల్లేదు. వాన చినుకు పడితే చాలు, ఇల్లు ఇల్లంతా ఇప్పుడే మట్టి తొక్కినట్టు వాసన వేసేది. దానిమీద పిడకల పొగ, నిప్పుల మీద కాలిన ఎండుచేప, రాత్రే కాచి కుండలో పులియబెట్టిన చోడి అంబలి, అన్నిటి మీదా అత్త చుట్ట. ఆవిడది అడ్డపొగ. నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, అలాగే కసువు ఊడ్చి, అలాగే ఆవు పాలు పిండేది. నోరు కాలదా అత్తా అని అడిగితే ఒకసారి నోరు తెరిచి నాలుక చూపించింది. దాని మీద చుట్ట ముట్టించుకోవచ్చు అనిపించింది. ఈ ఒక్క వాక్యం కాస్త పెంచాను, తక్కినదంతా నిజమే.

కొండల్లోకి అప్పటికింకా రైలు లేదు. రాయగడలో పొద్దున్న రైలు దిగిన పార్సిళ్లన్నీ లక్ష్మీపురం, కాకిరిగుమ్మ, కోరాపుట్ మీదుగా సెమిలిగుడ దాకా లారీలోనే పోవాలి. లమ్తపుట్ వాళ్ల సరుకు కూడా సెమిలిగుడలో దింపితే అక్కణ్ణుంచి బళ్ల మీద పోయేది. మా సావుకారు గారి లారీలో పచ్చడి జాడీలు ప్రతిసారీ సగం పగిలిపోతుంటే, ఎవరో గవరమ్మని పిలవమన్నారట. మట్టికుండల్ని ఎద్దుబండి మీద నాలుగు సంతలు తిప్పి ఒక్కటి పగలకుండా అమ్మిన మనిషి గదా. ఆవిడ వచ్చి, జాడీల మధ్య గడ్డి కూరి, ఏదో చేసింది. ఒక్క జాడీకి చెవి కూడా విరగలేదు. ఆ రోజు నుంచీ లారీ సర్దే పని అత్తది. కింద ఇద్దరు కళాసీలు ఉండేవారు, మీసాలున్నవాళ్లు, ఆవిడ కంటే చాలా బలమైనవాళ్లు. ఆవిడ వేలు ఎటు చూపిస్తే అటు నడిచేవారు.

నేను ఆ సర్దుడు చూస్తూ లారీ అద్దంలో క్రాపు దువ్వుకునేవాణ్ణి. అదే నా పొద్దుటి పని. పార్సిలు గుమాస్తా చిరునామా చదివేవాడు, అత్త కొంగు ముడిలోంచి జేగురు గడ్డ తీసి పెట్టె మీద గుర్తు గీసేది. ఆవిడకి అక్షరం రాదు. లక్ష్మీపురానికి మూత, కాకిరిగుమ్మకి గరిటె, కోరాపుట్‌కి ఒకదాని మీద ఒకటి రెండు కుండలు, సెమిలిగుడకి పొయ్యి. ఆఖర్న దిగే పొయ్యి సరుకు కాబిన్ వైపుకి ముందు ఎక్కేది, మొదట దిగే మూత సరుకు వెనక తలుపు దగ్గర ఆఖర్న ఎక్కేది. మధ్యలో ఒక మనిషి ఒత్తిగిలి నడిచేంత సందు, తలుపు నుంచి కాబిన్ దాకా, వదిలిపెట్టేది. నోట్లో చుట్ట ఉంటుంది గనక మాట్లాడేది కాదు. అరచెయ్యి కిందికి చూపితే దించమని, పిడికిలి చూపితే బిగించమని, అరచెయ్యి నిలువుగా పట్టి కుడివైపుకి చిన్నగా విదిల్చితే ఇంకాస్త కుడికి జరపమని. ఆ ఆఖరి సైగ ఆవిడ రోజుకి పదిసార్లయినా చేసేది. అంతా అయ్యేసరికి బడి గంట కొట్టేవారు. మిగతా సావుకార్ల లారీలు ఎప్పుడో వెళ్లిపోయి ఉండేవి.

నేను ఆ లారీలన్నిటినీ దారిలోనే దాటేసేవాణ్ణి. ఇది అబద్ధం కాదు. వాళ్లు ప్రతి ఊళ్లో సరుకు కిందా మీదా చేసి వెతుక్కుంటుంటే, నేను లారీ ఆపి టీ చేతికి తీసుకునేసరికి ధర్మ సందులోంచి నడిచి వెళ్లి కావలసిన పెట్టె భుజానికెత్తుకుని వచ్చేవాడు. టీ అడుగంటేలోపల మేం మళ్లీ రోడ్డు మీద ఉండేవాళ్లం. పొద్దు వాలకముందే సెమిలిగుడ చేరేవాణ్ణి, వాళ్లు మర్నాడు మధ్యాహ్నానికి చేరేవారు. దాంతో కోరాపుట్ రోడ్డు మీద నాకు గాలి సూర్నారాయణ అని పేరు పడింది. నాకు ఇరవై రెండేళ్లు. ఆ పేరు నా చేతుల్లోంచీ స్టీరింగులోంచీ వచ్చిందనుకున్నాను. ఇంకెక్కణ్ణుంచి వస్తుందనుకుంటాను?

ఒక పొద్దున్న సావుకారు గారు గొడుగుతో స్టేషనుకి వచ్చారు. పక్క సావుకారు నా గురించి ఆరా తీశాడట, అందుకని ఆయన ముఖం వెలిగిపోతోంది.

“ఏరా సూర్నారాయణా, నీ సేతిలో ఏటుందిరా? అందరూ నిన్నే అడుగుతన్నారు.”

టీ కొట్టు దగ్గర నలుగురూ వింటున్నారు. నలుగురు వింటుంటే నా నోరు నా చేతిలో ఉండదు.

“ఏటీ లేదు బావూ. ఈ లోడింగు కాడే పొద్దెక్కిపోతన్నాది గానీ, ఏడింటికి బండి నా సేతికిస్తే మజ్జాన్నం సెమిలిగుడలో బోంచేసి, రేతిరికి మీకు కనపడతాను.”

సావుకారు గారు గొడుగు మూసి లారీ వెనక్కి వెళ్లి చూశారు. సందు కనిపించింది.

“ఇదేటమ్మా గవరమ్మా, పెళ్లికొడుకు నడిసొస్తాడేటి ఇందులోంచి? ఇక్కడ ఇంకో లోడు పడతాది గదా.”

అత్త చుట్ట తీసింది. “సందు ఉంటేనే సరుకు దిగతాది బావూ.”

“దింపుకునేది డ్రైవరు. ఆ డ్రైవరే నీవల్ల ఆలీసం అంతన్నాడు.”

అత్త నా వైపు చూసింది. నేను దువ్వెన వైపు చూశాను. “ఇంక నువ్వు ఇంటిపట్టున ఉండమ్మా, పెద్దదానివయ్యేవు,” అన్నారాయన, మర్యాదగానే. అత్త జేగురు గడ్డని కొంగు ముడిలో వేసి, బిగించి, రైలుకట్ట దాటి వెళ్లిపోయింది. కళాసీలు ఇద్దరూ ఎత్తిన పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు.

ఆ పూట ఇంటికి వెళ్తే రోజూలాగే అంబలి పోసింది, ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

“కోపమొచ్చిందేటి అత్తా?”

“కోపమేటిరా. తాగు.”

“నాను నిన్నేటీ అనలేదు. లోడింగుని అన్నాను.”

“లోడింగంటే నాను కాదేటి మరి?”

నేను ముంత నోటికి ఆనించుకుని ముఖం దాచుకున్నాను. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ అంది. “మీ మావ పోయినప్పుడు ఆయన గురించి ఏడుస్తన్నానని అందరూ ఓదార్సేరు. ఆయన గురించీ ఏడ్సేననుకో. సారె ఆగిపోనాదని ఎక్కువ ఏడ్సేను. మళ్లీ ఆ పలాటుపారం మీద ఈ సేతులకి ఓ పని దొరికింది. అదీ పోతే ఇంక ఈటిని ఏటి సేసుకోమంటావురా?”

సావుకారు గారి దగ్గరకి వెళ్లి, తప్పుగా అన్నానని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. మర్నాడు ఏడింటికి బయలుదేరి మధ్యాహ్నానికి సెమిలిగుడలో భోజనం చేస్తాననుకున్నాను. అది చేశాక అన్నీ సర్దుకుంటాయనుకున్నాను.

మర్నాడు నలుగురు కళాసీలు ఒక చుట్ట కాలేంతసేపట్లో లారీ నింపేశారు. గుర్తుల్లేవు, గడ్డి లేదు, సందు లేదు. కోరాపుట్ ఆఫీసరు గారి ఇనప బీరువా, కుట్టుమిషను, బియ్యం బస్తాలు, రేకు పెట్టెలు, ఏది ముందు చేతికొస్తే అది ఎక్కింది. మోకులు బిగించారు. సావుకారు గారు కొబ్బరికాయ కొట్టారు. నేను హారన్ కొట్టి బయలుదేరాను. రైలుకట్ట దాటుతుంటే అత్త ఇంటి ముందు ఆవు తాడు పట్టుకుని నిలబడి ఉంది. లారీని కాదు, లారీ వెనకభాగాన్ని చూస్తోంది.

లక్ష్మీపురంలో బడిపంతులు గారి పలకల పెట్టె దింపాలి. అది అన్నిటికంటే అడుగున, కాబిన్ పక్కన ఉందని తెలిసేసరికి నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ రోజు అక్కడ సంత. మేం బస్తాలు, మిషను, బీరువా అన్నీ రోడ్డు మీదకి దింపుతుంటే, అమ్మకానికి తెచ్చామనుకుని జనం మూగారు. కొండల్లోని దేశియా పల్లె ముసలాయన ఒకడు బీరువా తలుపు తట్టి, ఇందులో ఎన్ని మేకలు పడతాయని ధర్మని అడిగాడు. ఇంకొకామె కుట్టుమిషను చక్రం తిప్పి, ఇది నూనె గానుగా అంది. పలకల పెట్టె దొరికేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మధ్యాహ్న భోజనం సంగతి మీరే ఆలోచించుకోండి. దింపినవన్నీ ఎలా పడితే అలా ఎక్కించాం. బీరువా ఎడమవైపు పడింది. అది ఏ వైపు పడితే ఏమిటని కూడా నాకు తోచలేదు.

పోయిన టైము రాబట్టుకోవాలని కాకిరిగుమ్మ వైపు గట్టిగా తొక్కాను. ఘాటీలో కుడి మలుపు వచ్చింది. డ్రైవరు కూర్చునేది కుడివైపు గనక కుడి మలుపులో నాకు రోడ్డు లోపలి అంచు బాగా కనిపిస్తుంది. అందుకని అక్కడ ఎప్పుడూ వేగం తగ్గించేవాణ్ణి కాదు. అదే నా ఘనత. ఆ రోజూ తగ్గించలేదు. వెనక ఏదో పెద్ద జంతువు లేచి ఎడమ గోడ మీదకి నడిచినట్టు చప్పుడైంది. అది బీరువా జరిగిన చప్పుడు. స్టీరింగు నా చేతుల్లో తేలికైపోయింది. లారీ ఎడమకి ఒరిగింది, ఇంకా ఒరిగింది. ధర్మ కూర్చున్న వైపు కిటికీలో రోడ్డు లేదు, చెట్ల తలలు ఉన్నాయి. అప్పటిదాకా నేను చెప్పిన అబద్ధాలన్నీ వరసగా నన్ను చూడ్డానికి వచ్చినట్టనిపించింది. వెనక చక్రం ఒకటి అంచు దిగి, అక్కడున్న బండరాయికి తగిలి ఆగిపోయింది. ఇంజను ఆగాక ఆ నిశ్శబ్దంలో, కోరాపుట్ బడికి పోవాల్సిన ఇంకో పలకల పెట్టె పగిలి ఒక్కొక్క పలకా లోయలోకి జారుతున్న చప్పుడు వినిపించింది. నా వైపు తలుపులోంచి మేమిద్దరం ఎలా పాక్కుంటూ దిగామో నాకిప్పటికీ తెలియదు. రోడ్డు మీద కూలబడ్డాను. ధర్మ బండరాయికి దణ్ణం పెట్టాడు.

పక్క పల్లె వాళ్లు వచ్చి మోకులు కట్టి లాగితే లారీ రోడ్డెక్కింది. సరుకంతా చేత్తో దింపి, చేత్తో ఎక్కించి, సెమిలిగుడ చేరేసరికి మర్నాడు పొద్దుగుంకింది. తిరిగొచ్చే దారంతా చెప్పాల్సిన కథ ఒకటి తయారుచేసుకున్నాను. ఏనుగు. ఘాటీలో మలుపు తిరిగేసరికి ఏనుగు అడ్డంగా నిలబడి ఉందనీ, తొండంతో లారీని పక్కకి నెట్టిందనీ, నేను హారన్ కొడితే అది కూడా హారన్ కొట్టిందనీ. సావుకారు గారు ఆసాంతం విన్నారు. “ఏనుగు మాట నీకూ ఏనుక్కీ తెలుసు. పలకలు పోనాయి. బీరువాకి సొట్ట. మీ అత్తని పిలిపిస్తాను,” అన్నారు. ఆయన పంపిన మనిషితో అత్త, “ముందు ఆణ్ణి ఇంటికి రమ్మను,” అందట.

ఇంటికి వెళ్లాను. ధర్మ కూడా నాతో వచ్చాడు. అత్త నా ముఖం చూసింది, మోచేతులు చూసింది, కాళ్లు చూసింది. అన్నీ ఉన్నాయని తేల్చుకున్నాక అడిగింది.

“గడ్డి తెచ్చేవేట్రా?”

నాకు మతి పోయింది. సామాను మధ్య కూరిన గడ్డిని ధర్మ ప్రతిసారీ పారేయకుండా తెచ్చి అత్తకి ఇచ్చేవాడు. ఆవు కోసమని అనుకునేవాణ్ణి. నేను లోయలోకి పోయి వస్తే ఈవిడకి ఆవు మేత కావలసి వచ్చిందా?

“గడ్డెక్కడిది అత్తా? ఆళ్లు గడ్డెట్టలేదు.”

“మరి నాకెలాగ తెలుస్తాది?”

“ఏటి తెలియాలి?”

“ఏటీ లేదు. ఆవుకి,” అని, ధర్మ వైపు తిరిగి, “ఏ పక్కకి?” అంది. ధర్మ అరచెయ్యి ఎడమకి వంచి చూపించాడు. ఆవిడ తెలిసిన సంగతే విన్నట్టు తలూపింది. క్షమించమని అడగడం మా ఇంటా వంటా లేదు. నేను వెళ్లి మూడు మోపుల గడ్డి కొని, నెత్తిన పెట్టుకుని, టీ కొట్టు ముందునుంచే, అందరూ చూస్తుండగా స్టేషనుకి మోసుకెళ్లాను. మర్నాడు పొద్దున్న అత్త వచ్చింది. లారీ ఎక్కకముందే సావుకారు గారితో, “ఈ సందు నాది బావూ. దీని జోలికి రాకండి,” అంది. ఆయన సరేనన్నారు. ఆవిడ కొంగు ముడి విప్పి జేగురు తీసింది. కళాసీలు నవ్వుకుంటూ పెట్టెలెత్తారు.

నా ఏనుగు మాత్రం ఊరంతా తిరిగింది. టీ కొట్టు దగ్గర నేను అది చెబుతుండగా అత్త అటు వచ్చింది. ఎవడో, “నిజమేనేటి గవరమ్మా, మీవోడు సెప్పేది?” అన్నాడు. ఆవిడ చుట్ట తీసి, “ఏనుగు రాకపోతే నా మేనల్లుడి బండి ఒరుగుతాదేటి?” అని, మళ్లీ చుట్ట పెట్టుకుని వెళ్లిపోయింది. అంత గట్టి సాక్ష్యం దొరికాక ఏనుగుకి దంతాలు కూడా పెంచాను.

ఆ తర్వాత ఆరేళ్లు, ఆవిడ మంచాన పడేదాకా, రోజూ అలాగే సర్దింది. ఇక ధర్మ చెప్పిందేమిటంటే ఇది. ధర్మ ఏ వైపుది ఆ వైపుగా కట్టి తెచ్చిన ఆ గడ్డిని అత్త ఆవుకి వేసేముందు అరుగు మీద పరిచి చూసేదట. ఎడమవైపు కూరిన గడ్డి పిండి పిండిగా నలిగి వచ్చేది, కుడివైపుది కూరినట్టే వచ్చేది. కుండలబండి తోలే కొత్తవాడు బండిని ఏ వైపుకి విసురుతున్నాడో మా కుమ్మర్లు గడ్డిని చూసే చెప్పేవారట. నా కులపు పని, నాకే తెలియదు. నేను కుడి మలుపుల్లో వేగం తగ్గించడం లేదని నా మొదటి నెలలోనే ఆవిడ పట్టేసింది. అప్పణ్ణుంచీ బరువైన ప్రతి పెట్టె మీదా, ఊరి గుర్తుకి అవతలి పక్క, ఎడమకి ఒరిగిన కుండ గీసి, దాన్ని కుడి గోడకి ఆనించి పెట్టించేది. కాల్చేటప్పుడు ఒరిగిన కుండకి పక్కన పెంకు ముక్క ఊతంగా పెడతారే, అలా. నేను ఒరిగిన కుండని. ఆ మేకుల పెట్టె నా పెంకు ముక్క.

“మరి నాకెందుకు సెప్పలేదురా?” అన్నాను.

“నానూ అడిగేను బాబూ. నీకు తప్పుందని సెప్తే ఆ మలుపులో నీ సేతులు వణుకుతాయంది. కొండ మీద సేతులు వణక్కూడదు, ఆణ్ణలాగే తోలనీ, నాను ఇక్కణ్ణుంచి సూసుకుంటాను అంది. నువ్వు బండి తోలినన్నాళ్లూ సెప్పనని నా సేత ఒట్టేయించుకుంది.”

“ఘాటీలో ఏ మలుపు ఎటుంటుందో ఆవిడకెలా తెలుసు?”

ధర్మ నన్ను జాలిగా చూశాడు. “ఆమె ఒక్క తూరైనా లక్ష్మీపురం సూసిందా బాబూ? అంతా గడ్డే సెప్పేది.”

చూడలేదు. రోజూ నా లారీని ఆ కొండల మీదకి పంపిన మనిషి రాయగడ దాటాక ఆ కొండ రోడ్డు ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారైనా నా పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాలని నాకు తట్టనే లేదు. అంతకంటే వింత ఇంకొకటి తట్టింది. అత్త పోయిన ఏడు నుంచే నా వేగం తగ్గింది. దానికి నేను రోడ్డు పాడైపోయిందని చెప్పేవాణ్ణి. ఆ ఏడే ఆ రోడ్డుకి కొత్తగా తారు వేశారు. తారు రోడ్డు మీద నెమ్మదించి, రాళ్ల రోడ్డు మీద గాలిలా పోయినవాణ్ణి, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇదేమిటని ఆలోచించలేదు. చివరికి ఆ నెపం నా కళ్ల మీద పెట్టాను. కళ్ల డాక్టరు కూడా నమ్మాడు.

పెళ్లికి సెమిలిగుడ వెళ్లాను. ఇప్పుడది పెద్ద జంక్షను. దగ్గర్లో అల్యూమినియం ఫ్యాక్టరీ వచ్చింది. మా సారెని ఆపిన సత్తు ఇక్కడి కొండల్లోంచే దొరుకుతుందట. అత్తకి ఆ సంగతి చెబితే ఏమనేదో అనుకున్నాను. బస్సు దిగిన చోట పార్సిలు లారీలు వరసగా ఆగి ఉన్నాయి, నా పాత లారీకి రెండింతలున్నాయి. ఒక డ్రైవరు, పాతికేళ్లవాడు, ఒక అట్టపెట్టె కోసం సరుకంతా రోడ్డు మీదకి దింపి, చెమటలు కక్కుతూ క్లీనర్ని తిడుతున్నాడు. సందు లేదు. నేను వెళ్లి లారీ వెనక నిలబడి, లోపలికి తొంగిచూసి, కుడి గోడ పక్కన ఏముందో చూశాను. “ఏటి కావాలి ముసలోడా?” అన్నాడు. నాకు యాభై కూడా లేవు. ఇంకో రోజైతే వాడికి పిడుగు కథ చెప్పేవాణ్ణి.

భోజనాల దగ్గర, అనుకున్నట్టే, ఏనుగు కథ చెప్పమన్నారు. ధర్మ చుట్టాలందరికీ అది తెలుసు, వాళ్ల పిల్లలకి ఇంకా బాగా తెలుసు. నేను లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి, ఏనుగు లేదన్నాను. ఒక ముసలమ్మ ఉండేదన్నాను. గడ్డి నలిగిన తీరు చూసి డ్రైవరు చెయ్యి ఎటు తప్పుతోందో చెప్పేదనీ, ఎన్నడూ చూడని కొండదారికి లారీ సర్దేదనీ, నోట్లో నిప్పు పెట్టుకుని సైగలతో నన్ను లోయలో పడకుండా నిలబెట్టిందనీ మొత్తం చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. జనం మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టారు, చివరికి వచ్చేసరికి కళ్లు తుడుచుకుంటున్నారు. “మావకి వయసొచ్చినా నోరు తగ్గలేదర్రా! ఏనుగంటే ఏనుగే గానీ, గడ్డి సూసి డ్రైవర్ని సెప్పే ముసల్ది ఎక్కడైనా ఉంటాదేటి?” అని ఎవరో అరిచారు. చెట్టంత నిజం చెబితే నమ్మలేదు. దంతాల ఏనుగుని మాత్రం మళ్లీ చెప్పమన్నారు.

సాక్ష్యం చెబుతాడేమోనని ధర్మ వైపు చూశాను. పంక్తిలో ఆ చివర కూర్చున్నాడు, నోటి నిండా ముద్ద ఉంది, మాట్లాడే వీల్లేదు. ఎడమ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి నిలువుగా పట్టి, కుడివైపుకి చిన్నగా విదిల్చాడు. అక్కడ ఆ సైగ తెలిసినవాళ్లు మేమిద్దరమే. నేను విస్తరి ముందు కూర్చుని, ఇంకాస్త కుడికి జరిగాను.